హైస్కూల్ పిల్లలకు స్కూల్ సైకాలజిస్ట్ వృత్తిని పరిచయం చేయడం ఎలా? టీచర్ల కోసం పూర్తి గైడ్

అమలాపురం నుంచి ఆకివీడు దాకా టీచర్లు ఈ మధ్య పదే పదే అడుగుతున్న ప్రశ్న ఇది. పిల్లలకు ఇంజినీరింగ్, మెడిసిన్, అగ్రికల్చర్ గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, స్కూల్ సైకాలజిస్ట్ అనే పని ఒకటుందని చెప్పేవాళ్ళే లేరు, మేం చెబుదామంటే ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు అని. విడివిడిగా ఒక్కొక్కరికి చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాస్తున్నాను. సీబీఎస్‌ఈ స్కూల్ అయినా జిల్లా పరిషత్ హైస్కూల్ అయినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ఒక్క సంగతి మాత్రం ముందే చెబుతాను. కోర్సుల పేర్లు, కాలేజీల పేర్లతో మొదలుపెట్టకండి, అయిదు నిమిషాల్లో పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. ముందు పని చేయించండి, ఆ పని చేసేవాళ్ళను ఏమంటారో తర్వాత చెప్పండి. ఈ గైడ్ అంతా ఆ వరుసలోనే ఉంటుంది.

## 1. ముందు మీకు స్పష్టత ఉండాలి

పిల్లలు అడిగే మొదటి ప్రశ్న, "అంటే పిచ్చి డాక్టరా సార్?" దీనికి మీరు తడబడితే ఆ తర్వాత ఏం చెప్పినా ఎక్కదు. కాబట్టి ఈ నలుగురి మధ్య తేడా మీ నోటికి వచ్చి ఉండాలి.

- సైకియాట్రిస్ట్: ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. మందులు రాస్తారు.
- క్లినికల్ సైకాలజిస్ట్: మానసిక సమస్యలను పరీక్షించి థెరపీ చేసేవారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు చేసి అక్కడ పేరు నమోదు చేసుకోవాలి.
- స్పెషల్ ఎడ్యుకేటర్: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు వాళ్ళకు తగ్గ పద్ధతిలో చదువు చెప్పే టీచర్. మన మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో వీళ్ళను చూడొచ్చు.
- స్కూల్ సైకాలజిస్ట్ లేదా స్కూల్ కౌన్సిలర్: బడిలోనే ఉండి, పిల్లాడి చదువు, ప్రవర్తన, భయాలు, స్నేహాలు, ఇంటి పరిస్థితి అన్నీ కలిపి చూసి, టీచర్లతో, తల్లిదండ్రులతో కలిసి దారి వెతికేవారు.

అమెరికాలో స్కూల్ సైకాలజిస్ట్, స్కూల్ కౌన్సిలర్ వేర్వేరు ఉద్యోగాలు. మన దగ్గర ఎక్కువగా కౌన్సిలర్ అనే పేరుతోనే తీసుకుంటారు, పని కూడా చాలావరకు కలిసిపోయి ఉంటుంది. ఈ విషయం పిల్లలకు కూడా ఉన్నదున్నట్టు చెప్పండి.

## 2. తేదీ ఎప్పుడు పెట్టుకోవాలి

దసరా సెలవుల తర్వాత, సంక్రాంతి లోపు. ఇదే సరైన సమయం.

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద వస్తే లంక గ్రామాల పిల్లలు బడికే రాలేరు, వచ్చినా మనసు ఇంటి దగ్గరే ఉంటుంది. సంక్రాంతి దాటితే పదో తరగతి పిల్లలకు స్టడీ అవర్లు, ప్రీ-ఫైనల్స్ టెన్షన్. పైగా అప్పటికే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ళకు వచ్చి, ఎంపీసీనో బైపీసీనో ఖాయం చేసి, అడ్వాన్సు కూడా కట్టించుకుని పోయి ఉంటారు. ఆ తర్వాత మీరు ఎంత బాగా చెప్పినా విని ఊరుకుంటారు.

తొమ్మిదో తరగతి వాళ్ళను కూడా కూర్చోబెట్టండి. నిజానికి ఎక్కువ లాభం వాళ్ళకే.

రెండు వారాల ముందు ఈ పనులు అయిపోవాలి:

- హెచ్.ఎం. గారితో మాట్లాడి వరసగా రెండు పీరియడ్లు తీసుకోవడం. మధ్యాహ్న భోజనం అయిన వెంటనే వద్దు.
- ఒకసారికి 40 మందికి మించకుండా చూసుకోవడం. మొత్తం బడిని గ్రౌండ్‌లో కూర్చోబెట్టి మైకులో చెబితే అది ఉపన్యాసం అవుతుంది, ఈ పని జరగదు.
- వచ్చే అతిథి ఉంటే ఫోన్‌లో ఒకసారి విడిగా మాట్లాడటం (దీని గురించి నాలుగో మెట్టులో చెబుతాను).
- ఎవరైనా పిల్ల ఏడిస్తే, బాధ చెప్పుకుంటే పక్కకు తీసుకెళ్ళి మాట్లాడే ఒక టీచర్‌ను ముందే అనుకోవడం. పిల్లలకు దగ్గరగా ఉండే టీచర్ అయితే మంచిది, సీనియారిటీ చూడకండి.

## 3. కేసు తయారుచేయడం

ఈ కార్యక్రమానికి గుండెకాయ ఇదే. కాబట్టి మీ సమయంలో సగం దీని మీదే పెట్టండి.

ఒక కల్పిత కుర్రాడి కథను ఆరు కార్డులుగా రాసుకోవాలి. ఒక్కో కార్డులో ఒక్కో సమాచారం. పిల్లల్ని ఐదారుగురు చొప్పున గుంపులు చేసి, ఒక్కో కార్డూ ఇస్తూ, ప్రతి కార్డు తర్వాత "ఇప్పుడు మీరేమనుకుంటున్నారు? ఇంకా ఏం తెలుసుకోవాలి?" అని అడగాలి. నేను చెప్పే కేసు ఇది. కావాలంటే ఇలాగే వాడుకోండి.

మొదటి కార్డు, క్లాస్ టీచర్ మాట: "తొమ్మిదో తరగతి. మొదటి పీరియడ్ అంతా నిద్రే. లేపితే మొండిగా చూస్తాడు. ఏడో తరగతిలో బాగా చదివేవాడు."

పిల్లల జవాబులు ఊహించొచ్చు. బద్ధకం, చెడు స్నేహాలు, ప్రేమ. అన్నీ బోర్డు మీద రాయండి, ఏదీ తప్పని అనకండి.

రెండో కార్డు, మార్కులు: గణితంలో బాగా పడిపోయాయి. సోషల్‌లో ఏ మార్పూ లేదు. దీన్ని తొందరపడి దాటించేయకండి. గణితం మొదటి పీరియడ్, సోషల్ మధ్యాహ్నం అని టైమ్‌టేబుల్ కూడా ఆ కార్డు మీదే రాసి ఉంచండి. ఏదో ఒక గుంపు ఆ సంగతి పట్టుకుంటుంది. పట్టుకోకపోతే, "మొదటి కార్డూ రెండో కార్డూ పక్కపక్కన పెట్టి చూడండి" అని మాత్రం అనండి, జవాబు మీరు చెప్పొద్దు.

మూడో కార్డు, కంటి పరీక్ష, చెవి పరీక్ష: రెండూ బాగున్నాయి. ఇది పిల్లలకు చప్పగా అనిపిస్తుంది. కానీ బోర్డు కనపడక వెనకబడిన పిల్లాడికి మొద్దు అని పేరు పెట్టేసిన సందర్భాలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి, అందుకే బడిలో పిల్లాడిని చూసేవాళ్ళు ముందు కళ్ళూ చెవులూ సరిగా ఉన్నాయో లేదో అడుగుతారని చెప్పండి.

నాలుగో కార్డు, అమ్మమ్మ మాట: "రాత్రి ఒంటిగంట దాకా ఫోను వదలడండీ. చెబితే వినడు."

ఇక్కడ తరగతంతా "గేమ్స్ సార్!" అని అరుస్తుంది. అరవనివ్వండి. గుంపుల చేత తీర్పు రాయించండి, ఫోన్ లాక్కోవాలనో హాస్టల్లో వేయాలనో రాస్తారు.

అయిదో కార్డు, కుర్రాడి మాట: "అమ్మ కువైట్‌లో ఉంది. పని అయ్యి గదికి వచ్చేసరికి అక్కడ రాత్రి పది."

కువైట్ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. పిల్లల చేతే లెక్క కట్టించండి. అక్కడ పది అంటే ఇక్కడ పన్నెండున్నర. నాలుగో కార్డు మీద వాళ్ళు రాసిన తీర్పును మళ్ళీ చదవమనండి, వాళ్ళంతట వాళ్ళే కొట్టేస్తారు.

ఆరో కార్డు ఖాళీ కాగితం. ప్లాన్ వాళ్ళే రాయాలి. తల్లి గొంతు ఆ పిల్లాడికి కావాలి, నిద్రా కావాలి, రెండూ పోకుండా ఏం చేయొచ్చు? ఆమె పడుకోబోయే ముందు వాయిస్ మెసేజ్ పెడితే వీడు పొద్దున్న లేచి వినొచ్చు కదా, మాట్లాడుకోవడం ఆమె సెలవు రోజుకు పెట్టుకోవచ్చు కదా, అమ్మమ్మకు ఎవరు చెప్పాలి, గణితం సార్‌కు ఎంతవరకు చెప్పాలి, చెప్పేముందు కుర్రాడిని అడగాలా వద్దా. ఈ చివరి ప్రశ్న మీద వాదన వస్తే ఆపకండి, ఈ వృత్తిలో రోజూ ఎదురయ్యే ప్రశ్న అదే.

ఒక జాగ్రత్త. మీ తరగతిలో గల్ఫ్ వెళ్ళిన తల్లుల పిల్లలు నలుగురైదుగురు ఉంటే ఈ కేసు నడుస్తుంది, వాళ్ళే అందరికంటే బాగా మాట్లాడతారు కూడా. ఒక్కరే ఉంటే మాత్రం వాడొద్దు, అందరి కళ్ళూ ఆ ఒక్కరి మీదికే పోతాయి. అప్పుడు తండ్రితో రొయ్యల చెరువు దగ్గర రాత్రి కాపలాకు వెళ్ళే కుర్రాడిగానో, వరదకు ఇల్లు మారి కొత్త బడికి వచ్చిన అమ్మాయిగానో మార్చుకోండి. కార్డుల వరస మాత్రం అదే: టీచర్, రికార్డులు, ఆరోగ్యం, ఇల్లు, పిల్ల మాట, ప్లాన్. పిల్ల మాట ఆఖరుకు రావాలి, అప్పుడే అంతకుముందు మనం ఎంత తొందరపడ్డామో తెలుస్తుంది.

## 4. ఆ రోజు నడపాల్సిన వరుస

మొదటి 5 నిమిషాలు: ఒకే ఒక్క నియమం చెప్పండి. ఈ గదిలో మన క్లాసు వాళ్ళ పేర్లు, బంధువుల పేర్లు, ఊరివాళ్ళ పేర్లు ఎవరూ తీయకూడదు.

తర్వాత 40 నిమిషాలు: కేసు. కార్డుకు ఆరేడు నిమిషాలు. నాలుగో కార్డు దగ్గర ఎక్కువ పట్టినా పర్వాలేదు.

తర్వాత 10 నిమిషాలు: ఇప్పుడు బోర్డు మీద వాళ్ళు చేసిన పనుల జాబితా రాయండి. గమనించారు, రికార్డులు చూశారు, ఆరోగ్యం కనుక్కున్నారు, ఇంట్లోవాళ్ళను, పిల్లాడిని విన్నారు, ప్లాన్ వేశారు. ఆ ప్లాన్ పనిచేసిందో లేదో నెల తర్వాత చూడటం ఒక్కటే మిగిలింది. "ఈ పని ఉద్యోగంగా చేసేవాళ్ళను స్కూల్ సైకాలజిస్ట్ అంటారు" అని అప్పుడు చెప్పండి.

మిగతా 20, 25 నిమిషాలు: అతిథి ఉంటే ప్రశ్నలు, లేకపోతే చదువు దారి. ప్రశ్నలు చీటీల మీద పేరు లేకుండా రాయించి డబ్బాలో వేయించండి. చేయెత్తి అడగమంటే ముందు బెంచీ వాళ్ళే అడుగుతారు.

అతిథి గురించి: భీమవరం, రాజమండ్రి, కాకినాడల్లో ఏదో ఒక సీబీఎస్‌ఈ స్కూల్లో కౌన్సిలర్‌గా చేస్తున్నవాళ్ళు దొరికితే అదృష్టమే. రాలేకపోతే వీడియో కాల్, నెట్ సరిగా ఉండదనుకుంటే పిల్లల ప్రశ్నలు ముందే పంపి వాయిస్ రికార్డు తెప్పించుకోండి. ఎవరొచ్చినా మూడు మాటలు ముందే చెప్పాలి. మోటివేషన్ స్పీచ్ వద్దు, స్టేజీ మీద పిల్లల్ని పిలిచి కౌన్సెలింగ్ చేయడం వద్దు, తను చూసిన పిల్లల కథలు గుర్తుపట్టేలా చెప్పడం అసలే వద్దు. దానికి బదులు "నిన్న పొద్దున బడికి వచ్చినప్పటినుంచి ఏమేం చేశారో వరసగా చెప్పండి" అని అడగండి. పిల్లలకు అదే గుర్తుంటుంది.

## 5. ఎవరైనా నిజంగా బాధ చెప్పుకుంటే

చెప్పుకుంటారు. ఇలాంటి మాటలు ఎప్పుడూ వినని పిల్లలు మొదటిసారి వింటే కొందరికి తమ సంగతి చెప్పాలనిపిస్తుంది. దీనికి సిద్ధంగా లేకపోతే కార్యక్రమం పెట్టకండి, నేను గట్టిగానే అంటున్నాను.

- అందరి ముందూ చెప్పబోతే మెల్లిగా ఆపి, "ఇది మనిద్దరం విడిగా మాట్లాడుకుందాం" అని, ముందే అనుకున్న టీచర్ దగ్గరికి పంపండి. అదే రోజు మాట్లాడాలి.
- వినండి. సలహా ఇవ్వడానికి తొందరపడకండి. "ఎవరికీ చెప్పను" అని మాట మాత్రం ఇవ్వకండి, "నీ మంచికి అవసరమైన వాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పను" అనండి.
- చచ్చిపోవాలనిపిస్తోంది అన్న మాట వస్తే ఒంటరిగా వదలొద్దు. హెచ్.ఎం.కు, ఇంట్లోవాళ్ళకు అప్పుడే తెలియాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది.
- లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి. బడి పరువు పోతుందని లోపల సర్దేయకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఈ రెండు నంబర్లూ కార్యక్రమం మొదలయ్యే ముందే బోర్డు మూలన రాసి, వారం రోజులు చెరపకుండా ఉంచండి.

## 6. చదువు దారి ఎలా చెప్పాలి

ఇంటర్‌లో ఏ గ్రూపు అయినా పర్వాలేదు. ఇది మొదట చెప్పండి, ఎందుకంటే బైపీసీ అయితేనే సైకాలజీ అనుకునేవాళ్ళు చాలామంది. తర్వాత సైకాలజీ ఉన్న డిగ్రీ, ఆపైన రెండేళ్ళ ఎంఏ లేదా ఎంఎస్సీ సైకాలజీ. డెల్టాలో సైకాలజీ ఉన్న డిగ్రీ కాలేజీలు తక్కువ, కాబట్టి విశాఖపట్నమో ఇంకో పెద్ద ఊరో వెళ్ళాల్సి రావచ్చు. ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ విభాగం ఎప్పటినుంచో ఉంది. సెంట్రల్ యూనివర్సిటీలకు వెళ్ళాలనుకునేవాళ్ళకు సీయూఈటీ అనే ప్రవేశ పరీక్షలో సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఉంది.

బడుల్లో పనిచేయడానికి ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఏడాది కోర్సు. దక్షిణాది వాళ్ళకు మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ ఒక కేంద్రం. ఇప్పటికే టీచర్‌గా ఉన్నవాళ్ళు కూడా చేయొచ్చు, అంటే ఇది చదువుతున్న మీకు కూడా పనికొచ్చే సంగతే.

ఇప్పుడు చాలామంది తప్పు చెబుతున్న విషయం ఒకటుంది. "దూరవిద్యలో సైకాలజీ పీజీ చేసేయొచ్చు, ఇంట్లో ఉండే చదవొచ్చు" అని ఆడపిల్లల తల్లిదండ్రులకు చెబుతుంటారు. సైకాలజీ సహా కొన్ని ఆరోగ్య రంగ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి ఇవ్వకూడదని యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ చెప్పింది. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి సైకాలజిస్టులు వస్తారు కాబట్టి ఈ మార్పు. కాలేజీకి వెళ్ళి చదవాల్సిందే అని ముందే చెప్పండి, అన్నయ్యలు, అక్కలు పాత పద్ధతిలో చేశారు కదా అని డబ్బు కట్టి మోసపోకుండా ఉంటారు.

ఉద్యోగాల సంగతి దాచకండి. డీఎస్సీలో ఈ పేరుతో పోస్టు లేదు. కేంద్రీయ విద్యాలయాలు కౌన్సిలర్లను కాంట్రాక్టు మీద తీసుకుంటాయి. సీబీఎస్‌ఈ అనుబంధ నియమాల్లో కౌన్సెలింగ్ అండ్ వెల్‌నెస్ టీచర్ ఉండాలని ఉంది. విశాఖలో చదువుకుంటూ ఒక నీట్ విద్యార్థిని చనిపోయిన కేసులో, 2025 జూలైలో సుప్రీంకోర్టు, 100 మంది అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా అర్హత ఉన్న కౌన్సిలర్‌ను గాని, సైకాలజిస్ట్‌ను గాని, సోషల్ వర్కర్‌ను గాని పెట్టుకోవాలని మార్గదర్శకాలిచ్చింది. కాబట్టి అవసరం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, పోస్టులు ఆ వేగంతో రాలేదు. ఈ రెండూ కలిపి చెప్పండి, ఒకటే చెబితే అబద్ధం చెప్పినట్టే.

అమెరికాలో అక్కాబావల దగ్గరికి వెళ్ళి చదువుతాననే పిల్లలు మన ప్రాంతంలో ఉంటారు. అక్కడ దీనికి స్పెషలిస్ట్ స్థాయి, అంటే మామూలు మాస్టర్స్‌కు మించిన చదువు, 1,200 గంటల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. రాష్ట్రానికో లైసెన్సు పద్ధతి. 500 మంది పిల్లలకు ఒక స్కూల్ సైకాలజిస్ట్ ఉండాలని అక్కడి జాతీయ సంఘం సిఫార్సు. ఇంతవరకు చాలు.

## 7. అమ్మానాన్నలతో

పేరెంట్స్ మీటింగ్‌లో తండ్రి ఒకాయన లేచి, "అదేం చదువండీ మాస్టారూ, ఉద్యోగం వస్తాదా?" అంటారు. ఆయన్ను తప్పుపట్టకండి, రెండెకరాల మీదో చెరువు లీజు మీదో పిల్ల చదువు నడుపుతున్న మనిషి అడగాల్సిన ప్రశ్నే అది.

పైన చెప్పిన ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, మరో దారి కూడా చూపండి. సైకాలజీ డిగ్రీతో బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ వైపు వెళ్ళొచ్చు, సోషల్ వర్క్ పీజీ చేయొచ్చు, ఏ డిగ్రీతో అయినా రాసే పోటీ పరీక్షలు ఎటూ ఉన్నాయి. ఇంటర్ గ్రూపు మార్చుకోనక్కర్లేదు అన్న మాటతో చాలామంది తల్లిదండ్రుల భయం సగం పోతుంది.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటి విరుగుడు

ఆన్‌లైన్‌లో దొరికిన ఐక్యూ టెస్టు, పర్సనాలిటీ టెస్టు జిరాక్స్ తీసి పంచడం. ఇది చాలా బళ్ళలో జరుగుతోంది. శిక్షణ ఉన్నవాళ్ళు మాత్రమే చేయాల్సిన పరీక్షలవి, దొంగ కాపీతో వచ్చిన నంబరు ఒక పిల్ల మనసులో ఏళ్ళపాటు ఉండిపోతుంది. పంచేశారా? కాగితాలు వెనక్కి తీసుకుని, ఆ మార్కులకు అర్థం లేదని తరగతిలో అందరి ముందూ చెప్పండి.

పిల్లలు ఒకరికొకరు పేర్లు పెట్టుకోవడం. "నీకు డిస్లెక్సియా రా" అని మర్నాటినుంచి మొదలవుతుంది. చదవడం, రాయడంలో వచ్చే ఇలాంటి ఇబ్బందులను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిందని, సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు ఉంటాయని చెప్పండి. అది ఒకరి హక్కు అని తెలిస్తే ఎగతాళి తగ్గుతుంది.

"నువ్వు బాగా వింటావు, నువ్వు సైకాలజిస్ట్ అవ్వాలి" అని ఒకరిని తేల్చేయడం. వినడం ఒక్కటే చాలదు, రిపోర్టులు రాయాలి, లెక్కలు అంటే స్టాటిస్టిక్స్ చదవాలి, కోపంగా ఉన్న తండ్రితో ఓపిగ్గా మాట్లాడాలి.

ఇది అమ్మాయిల పని అన్నట్టు మాట్లాడటం. కేసులో ప్లాన్ చదివే బాధ్యత ప్రతి గుంపులో ఒక అబ్బాయికి ఇవ్వండి, ఉపన్యాసం అక్కర్లేదు.

## 9. ఆసక్తి చూపినవాళ్ళతో ఆ తర్వాతి నెల

నలభై మందిలో ఇద్దరు ముగ్గురు మళ్ళీ వచ్చి అడుగుతారు. వాళ్ళ కోసమే ఇదంతా. వాళ్ళకు ఈ పనులు ఇవ్వండి:

- ముందుగా అనుమతి తీసుకుని, మీతో కలిసి భవిత కేంద్రంలో ఒక పూట గడపడం. ఫొటోలు తీయకూడదు, చూసిన పిల్లల గురించి బయట మాట్లాడకూడదు.
- చదవడంలో వెనకబడ్డ ఆరో తరగతి పిల్లకు వారానికి రెండుసార్లు తోడుగా కూర్చుని చదివించడం. ఏం చేస్తే ఆ పిల్ల తొందరగా చదివిందో నోటుబుక్కులో రాయడం.
- ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి సైకాలజీ పాఠ్యపుస్తకం వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటుంది, మొదటి అధ్యాయం చదవడం. ఇంగ్లీషు మీడియం కష్టమైతే మీరు పక్కన కూర్చుని పేరా పేరా చెప్పండి.
- డిగ్రీలో సైకాలజీ ఉన్న మూడు కాలేజీలకు తామే ఫోన్ చేసి ఫీజు, హాస్టల్, సీట్లు కనుక్కుని ఒక కాగితం మీద రాసుకోవడం.

నెల తర్వాత ఆ నోటుబుక్కు, ఆ కాగితం పట్టుకుని వచ్చిన పిల్లను పీఆర్వోలు రాకముందే ఇంట్లోవాళ్ళతో కూర్చోబెట్టి మాట్లాడించండి. మాట్లాడాల్సింది ఆ పిల్లే, మీరు పక్కన ఉంటే చాలు.